నిందితుడికీ నేరస్థుడికీ మధ్య దూరం

కొన్నేళ్ళ క్రితం మా మహల్లా మస్జిదులో ఇషా నమాజు వేళ జరిగిన సంగతి ఇది. ఇఖామత్ అయింది. ఇమామ్ సాహెబు వెనక్కి తిరిగి, సఫ్‌లు సరిచేసుకోండి, మధ్యలో ఖాళీలు వదలకండి అని ఎప్పటిలాగే చెప్పారు. మూడో సఫ్‌ చివర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. అతని ప్రక్కన సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను నాలుగో సఫ్‌లో అతని వెనకే ఉన్నాను. ముందుకు వెళ్ళి ఆ ఖాళీ పూరించవలసిన వాణ్ణి నేనే. కానీ నా కాలు కదలలేదు.

ఆ యువకుడు ఒక తీవ్రమైన నేరారోపణపై మూడేళ్ళకు పైగా జైలులో ఉండి వచ్చాడు. కోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి అప్పటికి వారం కూడా కాలేదు. ఆ తీర్పు నాకు తెలుసు. అయినా ‘నిప్పు లేనిదే పొగ రాదు కదా’ అన్న మాట మనసులో ఎక్కడో మెదిలింది. చివరికి నా ప్రక్కనున్న ఒక వృద్ధుడు నన్ను దాటుకుని వెళ్ళి అతని భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నన్ను వేధించిన ప్రశ్నలనే ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను. ఒక మనిషి మీద పెద్ద నేరం మోపబడినప్పుడు అతని పట్ల ఒక విశ్వాసి బాధ్యత ఏమిటి? నేరం రుజువయ్యే దాకా ఎలా ఉండాలి? రుజువు కాకపోతే ఎలా ఉండాలి? రుజువైతే ఎలా ఉండాలి?

అనుమానం, ఆరోపణ, రుజువు

ముందుగా మూడు మాటలను వేరుచేసి చూడాలి. అనుమానం మనసులో పుడుతుంది. ఆరోపణ నోటితోనో కాగితం మీదనో చేసేది. రుజువు సాక్ష్యం ద్వారా న్యాయస్థానంలో తేలేది. మనం మాత్రం మొదటిది వినగానే మూడోదాని దగ్గరికి దూకేస్తాం.

ఎఫ్.ఐ.ఆర్. అంటే నేరం జరిగిందని పోలీసులకు అందిన సమాచారాన్ని నమోదు చేయడం మాత్రమే. అరెస్టు దర్యాప్తులో ఒక మెట్టు. ఛార్జిషీటు దర్యాప్తు అధికారి తన పరిశోధనలో తేలిందని చెప్పే అభిప్రాయం. కోర్టు అభియోగాలు నమోదు చేసిందంటే, విచారించదగిన విషయం ఇందులో ఉందని అర్థమే గాని నేరం జరిగిపోయిందని తీర్పు చెప్పినట్లు కాదు. ఈ మెట్లన్నీ దాటి, ఇరుపక్షాల సాక్ష్యం విన్న తర్వాత వచ్చేదే తీర్పు. 2022 నాటి జాతీయ జైలు గణాంకాల ప్రకారం మన దేశంలోని ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివారే. జైలు గోడల మధ్య ఉన్న ప్రతి మనిషినీ నేరస్థుడని పిలిచే నాలుక ఎంతమంది విషయంలో తొందరపడుతోందో దీన్నిబట్టి ఆలోచించండి.

ఈ క్రమాన్ని ఇస్లాం పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే నేర్పింది. ఎవరైనా నమ్మదగని వ్యక్తి ఒక వార్త తెస్తే ముందు నిజానిజాలు విచారించుకోవాలనీ, లేకపోతే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అల్ హుజురాత్ సూరా హెచ్చరించింది. అదే సూరాలో కొంత ముందుకు వెళితే, అతిగా అనుమానించడం మానుకోమనీ, కొన్ని అనుమానాలు పాపమనీ, ఒకరి గుట్టు కూపీ లాగవద్దనీ ఆజ్ఞ ఉంది. కేవలం దావా వేసినంత మాత్రాన మనుషులకు కోరింది ఇచ్చేస్తే కొందరు ఇతరుల ప్రాణాలనూ ధనాన్నీ కూడా కోరుకుంటారని దైవప్రవక్త (స) బోధించారు. నిరూపించే బాధ్యత ఆరోపించిన వాడిదేనన్నది ఇస్లామీయ న్యాయశాస్త్రానికి పునాది. న్యాయవంతులైన సాక్షులు లేకుండా ఇస్లాంలో ఎవరినీ నిర్బంధించడం జరగదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నట్లు ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో నమోదయి ఉంది.

జైలు తలుపు తెరిచినా బయటికి రాని ఖైదీ

నేరారోపణ మనిషి నుండి రెండు వస్తువులను లాక్కుంటుంది. ఒకటి స్వేచ్ఛ, రెండోది పరువు. వీటిలో ఏది ముందు అన్న ప్రశ్నకు హజ్రత్ యూసుఫ్ (అలై) గాథలో సమాధానం ఉంది.

ఆయనపై పడింది మామూలు నింద కాదు. తనను ఆదరించిన ఇంటి యజమాని భార్యపైనే చెయ్యి వేయబోయాడన్న నింద. దానికి భౌతిక సాక్ష్యం కూడా అప్పుడే దొరికింది. చొక్కా ముందు వైపు చిరిగిందా, వెనక వైపు చిరిగిందా అన్నది చూశారు. వెనక వైపే చిరిగింది. ఆయన నిర్దోషి అని ఆ ఇంటివారికి తెలిసిపోయింది. అయినా, నిదర్శనాలు కళ్ళారా చూసిన తర్వాత కూడా, ఆయన్ని కొంతకాలం చెరలో ఉంచడమే మంచిదని వారికి తోచిందని దివ్య ఖుర్ఆన్ చెబుతుంది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. నిర్దోషి అని తెలియక జైలులో వేయడం ఒక తప్పు. తెలిసి కూడా పెద్దల పరువు కాపాడుకోవడానికి వేయడం అంతకంటే పెద్ద తప్పు. రెండూ నేటికీ జరుగుతూనే ఉన్నాయి.

కొన్నేళ్ళ తర్వాత రాజు కబురు పంపాడు. జైలు తలుపు తెరుచుకుంది. మరొకరైతే పరుగెత్తుకుని బయటికి వచ్చేవారు. యూసుఫ్ (అలై) రాలేదు. ముందు ఆ స్త్రీల విషయం ఏమిటో విచారించమని రాజును అడగమని దూతను వెనక్కి పంపారు. విచారణ జరిగింది, సత్యం బయటపడింది, నింద వేసినామె తానే ఒప్పుకుంది. ఆ తర్వాతే ఆయన బయటికి వచ్చారు. దయతో దొరికిన విడుదల వేరు, సత్యంతో దొరికిన విడుదల వేరు అని ఆయనకు తెలుసు. మచ్చతో బయటికి వచ్చిన మనిషి ఏ బాధ్యతకు పనికివస్తాడు? మరుసటి రోజు దేశపు ధాన్యాగారాలను ఎవరు నమ్మి అప్పగిస్తారు? పరువు కోసం పోరాడటం అహంకారం కాదు. తనపై పడిన నింద కడుక్కోవడం ఒక ప్రవక్త ఆచరించి చూపిన మార్గం.

ఒక నెల రోజుల మౌనం

రెండో గాథ ముస్లింలందరికీ తెలిసిందే. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి తిరుగు ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) పోయిన తన హారం కోసం వెతుకుతూ వెనకబడిపోయారు. వెనకగా వస్తున్న హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను తన ఒంటెపై కూర్చోబెట్టి, తాను నడుస్తూ తీసుకువచ్చారు. కపట విశ్వాసులకు అంతే చాలయింది. మదీనా వీధుల్లో ఒక నింద పుట్టింది. అది దాదాపు ఒక నెల పాటు నోటి నుండి నోటికి పాకింది. ఆ నింద ఆయిషా (రజి) మీదే కాదు, ఒక నిరపరాధి అయిన పురుషుడి మీద కూడా పడిందన్న సంగతి మనం తరచూ మరచిపోతాం.

ఆ నెలలో ఎవరు ఎలా ప్రవర్తించారో చూడండి. దైవప్రవక్త (స) ఆరోపణ విన్న వెంటనే తీర్పు చెప్పలేదు. దగ్గరివారిని విచారించారు, ఇంటి సేవకురాలిని అడిగారు, వేచి ఉన్నారు. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) ఆయిషా (రజి)కు సవతి. పోటీ మనసుతో ఒక్క మాట అనడానికి అది మంచి అవకాశం. కానీ ఆమె తన చెవినీ కంటినీ కాపాడుకుంటాననీ, ఆయిషాలో మంచి తప్ప తనకు మరేమీ తెలియదనీ చెప్పారు. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో భార్యాభర్తలు తమను ఆ స్థానంలో ఊహించుకుని, మనమే అలాంటి పని చేయనప్పుడు మనకంటే మేలైన వారు ఎలా చేస్తారు అనుకున్నారు. ఆ మాట విన్నప్పుడు విశ్వాసులు తమవారిపట్ల మంచి తలంపే ఎందుకు పెట్టుకోలేదని అన్ నూర్ సూరా నిలదీసింది. తెలియని విషయాన్ని నాలుకలతో అందుకుని, దాన్ని తేలికైన విషయం అనుకున్నారే, అల్లాహ్ వద్ద అది ఘోరమైనది అని మందలించింది.

నేడు మన చేతిలోని సెల్‌ఫోను ఆ నాలుక పని చేస్తోంది. అరెస్టు వార్త ఫోటోతో సహా క్షణంలో వెయ్యిమందికి చేరుతుంది. నాలుగేళ్ళకు వచ్చిన విడుదల వార్త పదిమందికి కూడా చేరదు. తప్పును మోసినంత వేగంగా తప్పొప్పుకోలును మోసేవారు లేరు. విన్నదల్లా చెప్పుకుపోవడమే ఒక మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునన్న దైవప్రవక్త (స) హెచ్చరిక, నేడు ‘ఫార్వర్డ్’ అనే మీట నొక్కేముందు గుర్తుకు రావాలి.

‘మనవాడు’ అన్న మాటలోని ప్రమాదం

ఇంతవరకు చదివిన వారు, అయితే మనవారిపై కేసు వస్తే మనమంతా వెంటనే అతని పక్షాన నిలబడాలన్నమాట అనుకోవచ్చు. కాదు. అది అటువైపు గోతి.

అన్ నిసా సూరాలోని కొన్ని ఆయతుల నేపథ్యంగా వ్యాఖ్యాతలు ఒక సంఘటన చెబుతారు. మదీనాలో ఒక కవచం దొంగతనానికి గురైంది. దొంగిలించినవాడు ముస్లింగా చెలామణి అవుతున్న వ్యక్తి. పట్టుబడతానన్న భయంతో ఆ కవచాన్ని ఒక యూదుని ఇంటికి చేర్చి నింద అతనిపైకి నెట్టాడు. అతని బంధువులు వంశాభిమానంతో గుమిగూడి, మావాడు నిర్దోషి, దొంగ ఆ యూదుడే అని వాదించారు. అప్పుడు అవతరించిన ఆయతులు ముస్లిం పేరు పెట్టుకున్న దొంగను తప్పుపట్టాయి, యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టాయి. నమ్మకద్రోహుల తరఫున వాదించవద్దని సాక్షాత్తూ దైవప్రవక్త (స)కే ఆజ్ఞ వచ్చింది. ఇహలోకంలో అతని తరఫున వాదించారు సరే, ప్రళయదినాన అల్లాహ్ ముందు ఎవరు వాదిస్తారని ఆ బంధువులను ప్రశ్నించింది. తాను పాపం చేసి దాన్ని నిరపరాధిపైకి నెట్టినవాడు ఘోరమైన అపనిందనూ, స్పష్టమైన పాపాన్నీ నెత్తిన పెట్టుకున్నట్లేనని ప్రకటించింది.

కాబట్టి ఆరోపణ వచ్చింది గనుక వదిలేయడం తప్పు. మనవాడు గనుక సమర్థించడమూ తప్పు. రెండు చోట్లా మనం సాక్ష్యం చూడటం లేదు, మనిషిని చూస్తున్నాం. విశ్వాసి నిలబడవలసింది మనిషి పక్షాన కాదు, న్యాయం పక్షాన. అది తనకు, తన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే.

ఇక్కడే మరో మాట చెప్పుకోవాలి. ఫిర్యాదు చేసినవారు కూడా మనుషులే. అన్యాయానికి గురైనవారు గొంతెత్తే హక్కును అల్లాహ్ ప్రత్యేకంగా కాపాడాడు. ఒక బాలికపై అఘాయిత్యం జరిగితే, ఇరు కుటుంబాలను కూర్చోబెట్టి, పరువు పోతుందని చెప్పి, కేసు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేసే పెద్దలు నిందితుణ్ణి కాపాడటం లేదు. బాధితురాలిని రెండోసారి బాధిస్తున్నారు. చట్టరీత్యా కూడా ఇలాంటి తీవ్ర నేరాల్లో పంచాయితీ రాజీ చెల్లదు. దొంగతనం చేసిన ఉన్నత వంశపు స్త్రీ కోసం సిఫారసు తెచ్చినప్పుడు, తన కుమార్తె ఫాతిమా అయినా శిక్ష ఆగదని దైవప్రవక్త (స) అన్న సంగతి మనకు తెలియనిది కాదు.

చట్టంలో తెరిచి ఉన్న తలుపులు

తీవ్రమైన కేసు మీద పడగానే కుటుంబం రెండు విధాల కూలిపోతుంది. సిగ్గుతో తలుపులు మూసుకోవడం ఒకటి. తెలియక చట్టంలోని దారులు మూసుకోవడం మరొకటి. మొదటిదానికి సమాజం మందు వేయాలి. రెండోదానికి తెలుసుకోవడమే మందు.

రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలి, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని 20వ అధికరణం చెబుతుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. కాబట్టి భయంతో తెల్ల కాగితాలపై సంతకాలు పెట్టకూడదు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, వారి ఆదాయంతో సంబంధం లేకుండా, 1987 నాటి న్యాయసేవల చట్టం ఉచిత న్యాయసహాయం హక్కుగా ఇచ్చింది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో బెయిలు మార్గాలు ఉన్నాయి. అరెస్టు భయం ఉంటే 482 సెక్షను కింద ముందస్తు బెయిలు కోరవచ్చు. గడువులోగా ఛార్జిషీటు దాఖలు కాకపోతే బెయిలు పొందడం నిందితుని హక్కు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్ళు లేక అంతకు మించిన శిక్ష పడే నేరాలకు ఆ గడువు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. అయితే ఈ హక్కు అడిగితేనే దక్కుతుంది, అదీ ఛార్జిషీటు పడకముందే అడగాలి. ఎంతోమంది పేదలు లెక్కపెట్టేవారు లేక దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఉపా చట్టం కింద కేసులలో పరిస్థితి కఠినం. అక్కడ గడువు కోర్టు అనుమతితో 180 రోజులకు పొడిగించవచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిలు ఇవ్వరాదన్న షరతూ ఉంది. అయినా విచారణ సాగక ఏళ్ళ తరబడి జైలులో మగ్గుతున్నవారికి రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో కె.ఎ. నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పరువు విషయంలో చట్టం ఇచ్చేది తక్కువ. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు, విదేశీ ప్రయాణానికి కోర్టు అనుమతి కావలసి వస్తుంది. గల్ఫ్ సంపాదనపై బ్రతికే కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు. ప్రభుత్వోద్యోగం దరఖాస్తులో కేసు సంగతి అడుగుతారు. దాచిపెడితే, కేసు వీగిపోయినా, దాచిన తప్పుకే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరించింది. ఉన్నది ఉన్నట్లు రాయడమే చట్టరీత్యా క్షేమం, ధర్మరీత్యా విధి.

న్యాయవాది వాదించవచ్చా?

ద్రోహుల తరఫున వాదించవద్దని ఆజ్ఞ ఉన్నప్పుడు ఒక ముస్లిం న్యాయవాది ఘోరమైన నేరం మోపబడిన వ్యక్తి వకాలతు తీసుకోవచ్చా అని కొందరు యువ న్యాయవాదులు అడుగుతుంటారు. అబద్ధపు సాక్షులను తయారుచేయడం, బాధితులను బెదిరించడం, సత్యమని తెలిసినదాన్ని అసత్యమని నిలబెట్టడం నిస్సందేహంగా నిషిద్ధం. కానీ ఆరోపించినవారు రుజువు చూపాలని కోరడం, సాక్ష్యాన్ని పరీక్షించడం, చట్టబద్ధమైన విధానం పాటించమని అడగడం ద్రోహిని సమర్థించడం కాదు. అది న్యాయమూర్తికి సహాయం చేయడం. ఇద్దరు కక్షిదారులు నీ ముందు కూర్చుంటే రెండోవాడి మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి ఉపదేశించారు. ఆ రెండోవాడి మాట కోర్టుకు చేరాలంటే చెప్పగలిగిన గొంతు కావాలి. ఫలానా నిందితుల తరఫున ఎవరూ వాదించరాదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం రాజ్యాంగానికీ వృత్తిధర్మానికీ విరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

తీర్పు తర్వాత

2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో పేలుడు జరిగింది. ఆ తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుని వేర్వేరు కేసులు పెట్టారు. ఎందరో తరువాత నిర్దోషులుగా విడుదలయ్యారు. ప్రభుత్వం కొందరికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. పేలుడు కేసులోనే తరువాత విచారణ ఎదుర్కొన్న మరో వర్గానికి చెందిన ఐదుగురిని కూడా 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తీర్పు మనకు నచ్చిందా లేదా అన్నది వేరు. రుజువు లేనిదే నేరస్థుడు కాదన్న సూత్రం మనవారికి ఒకలా, ఇతరులకు ఒకలా ఉండదు. ఆ తీర్పుతో విభేదించేవారు అప్పీలు కోరవచ్చు, సాక్ష్యాన్ని ప్రశ్నించవచ్చు. కొలబద్దను మాత్రం మార్చరాదు. అక్షర్‌ధామ్ కేసులో ఆరుగురిని 2014లో సుప్రీంకోర్టు నిర్దోషులని ప్రకటించినప్పుడు మనం ఏ సూత్రాన్ని చూపి సంతోషించామో, ప్రతిచోటా అదే సూత్రం.

విడుదలైన వ్యక్తి కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. తానూ మనిషినేననీ, ఎవరైనా వాదనా పటిమతో మరొకరి హక్కును తనచేత ఇప్పించుకుంటే, అది తాను అతనికి కోసి ఇచ్చిన నరకాగ్ని ముక్క అనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. కోర్టు వదిలినంత మాత్రాన నిజమైన నేరం మాసిపోదు. దానికి తౌబా, బాధితుల హక్కు తీర్చడమే మార్గం. అయితే అది అతనికీ అల్లాహ్‌కూ మధ్య లెక్క. అతని గుండె చీల్చి చూసే పని మనకు అప్పగించబడలేదు.

మరి నేరం రుజువై శిక్ష అనుభవించినవాడి సంగతి? పదేపదే మద్యం సేవించి శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా దైవప్రవక్త (స) వారించి, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందన్నారు. శిక్ష న్యాయస్థానం వేసినంతే. దానికి పైన మనం వేసే వెలి, ఎత్తిపొడుపు, అతని చెల్లెలి సంబంధం చెడగొట్టడం ఏ ధర్మశాస్త్రంలోనూ లేని అదనపు శిక్షలు. ఒకరి భారం మరొకరు మోయరని అల్లాహ్ చెప్పినప్పుడు తండ్రి కేసును కూతురి నెత్తిన పెట్టే అధికారం మనకెక్కడిది? పెండ్లి విషయంలో విచారించుకోవడం తప్పు కాదు. విచారించకుండానే మచ్చ వేయడం తప్పు.

సోదరులారా! పెద్ద పెద్ద పనులు చేయలేకపోయినా మన మహల్లాలో కొన్ని చేయగలం. ఎవరైనా అరెస్టయితే ఆ ఇంటికి మర్నాడే ఇద్దరు పెద్దలు వెళ్ళాలి. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో, పిల్లల ఫీజు కట్టారో లేదో చూడాలి. న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు రాయడంలో సాయపడాలి, వాయిదాల తేదీలు గుర్తుపెట్టే ఒక మనిషిని ఏర్పాటు చేయాలి. ఇవేవీ అతను నిర్దోషి అని ప్రకటించడం కాదు. బాధిత కుటుంబం ఉంటే వారి ఇంటికీ అలాగే వెళ్ళాలి. తీర్పు వచ్చే దాకా నాలుక కట్టుకోవాలి. నిర్దోషి అని తేలితే అరెస్టు వార్త పంపినవారందరూ ఆ వార్తనూ పంపాలి.

ఆ యువకుడు ఇప్పుడు మరో ఊళ్ళో బ్రతుకుతున్నాడని విన్నాను. నేను అతని దగ్గరికి వెళ్ళి క్షమాపణ కోరనే లేదు. కోరాలనుకునేటప్పటికి అతను వెళ్ళిపోయాడు. ఆ వృద్ధుడు అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇప్పుడు సఫ్‌లు సరిచేసుకోమని ఇమామ్ సాహెబు చెప్పినప్పుడల్లా ముందున్న ఖాళీ ఎవరి ప్రక్కన ఉందో చూడకుండా వెళ్ళి నిలబడటం అలవాటు చేసుకుంటున్నాను.

ఓ అల్లాహ్! తెలియని విషయంలో నోరు జారకుండా మమ్మల్ని కాపాడు. నిందలు పడిన నిరపరాధుల సత్యాన్ని వెల్లడి చేయి. అన్యాయానికి గురైనవారికి న్యాయం చేకూర్చు. నేరం చేసినవారికి పశ్చాత్తాప భాగ్యం ప్రసాదించు. మావారైనా పరాయివారైనా న్యాయం పక్షానే నిలబడే ధైర్యాన్ని మాకివ్వు. ఆమీన్.